తూవా నాళికలో తెల్ల మబ్బు

"నోట్లో ఏంటది?" అంది తూవా.

"ఉప్పు లికొరిస్. కావాలా?" యాల్మర్ నల్లటి మిఠాయి బిళ్ళల డబ్బా అందించాడు.

"ల్యాబ్‌లో తిండేంటి? అదీ పరీక్ష రోజున!"

"నీ టెన్షన్ చూసి నా నోరెండిపోయింది మరి."

మా స్వీడన్‌లో, ఉప్సాలా ఊళ్ళో పెద్దవాళ్ళు మళ్ళీ చదువుకునే బడి అది. పక్కపక్క బల్లలు కావడంతో ఇద్దరికీ మొదటి రోజునుంచీ కీచులాటే. తూవాకి నర్సింగ్‌లో సీటు కావాలి. కెమిస్ట్రీ ఒకసారి తప్పింది, ఇదే ఆఖరి అవకాశం. యాల్మర్‌కి మాత్రం ఆమె ఒక్కసారి నవ్వితే చాలు.

తూవాకి వచ్చింది పేరు తెలియని తెల్లటి ఉప్పు. అదేమిటో, దాని అణుభారం ఎంతో చెప్పాలి. మంటలో పెడితే లేత ఊదారంగు వచ్చింది. అంటే పొటాషియం. ఇంకొంచెం గాజునాళికలో నీళ్ళతో కలపబోతుంటే గాజుకడ్డీ జారి విరిగింది. యాల్మర్ తన కడ్డీని వేళ్ళతో శుభ్రంగా తుడిచి అందించాడు.

సిల్వర్ నైట్రేట్ చుక్క పడగానే నాళికలో తెల్లటి మబ్బు కమ్మింది.

"క్లోరైడ్! ముప్పై తొమ్మిదీ, ముప్పై అయిదున్నరా... డెబ్బై నాలుగున్నర!" అని అతనికేసి చూసి నవ్వింది తూవా.

యాల్మర్‌కి ఒళ్ళు తెలియలేదు. ఆనందంలో వేలు నాక్కున్నాడు. ఉప్పగా తగిలింది. లికొరిస్ మీద చల్లే ఆ పొడి అమ్మోనియం క్లోరైడే. కడ్డీ తుడిచింది ఆ వేళ్ళతోనే.

చెబితే తనని బయటికి పంపేస్తారు. చెప్పకపోతే ఆమె మళ్ళీ తప్పుతుంది. చెయ్యెత్తాడు.

"గున్వోర్, నేనిక్కడ లికొరిస్ తిన్నాను. ఆమె నాళికలో క్లోరైడ్ నా వేళ్ళదేమో."

టీచర్ గున్వోర్ కళ్ళజోడు మీంచి చూసింది. "నువ్వు బయటికి నడు. నీ పరీక్ష వచ్చే టర్మ్‌లో. తూవా, కొత్త నాళికలో మళ్ళీ చెయ్యి."

బయట వాన. సైకిళ్ళ షెడ్డు కింద తడిసిన పిల్లిలా కూర్చున్నాడు. కాసేపటికి తూవా పరిగెత్తుకొచ్చింది.

"కిందటిసారికి థాంక్స్!"

మళ్ళీ కలిసినప్పుడు మావాళ్ళు ముందుగా అనే మాటే అది. కానీ మధ్యలో ఒక్క రోజైనా గడవాలి కదా!

"ఇప్పుడేగా విడిపోయాం?"

"అంతకన్నా ఆగలేకపోయాను. ఈసారి నీళ్ళు తేటగానే ఉన్నాయి. తర్వాతి పరీక్షలో గోధుమరంగు వలయం వచ్చింది, అంటే అది నైట్రేట్. నూటొకటి. పాస్!" ఆమె కళ్ళు చెమర్చాయి. "వెర్రివాడా, నోరు మూసుకుని ఉంటే నువ్వూ పాసయ్యేవాడివిగా?"

"నువ్వు తప్పేదానివి."

తూవా అతని డబ్బాలోంచి ఒక లికొరిస్ తీసి నోట్లో వేసుకుని మొహం చిట్లించింది.

"నీ పరీక్షకి నేను చదివిస్తా. రోజూ."

"రోజూ ఎందుకు?"

"రోజూ కలిస్తేనే కదా, రోజూ థాంక్స్ చెప్పగలిగేది."

"తూవా... నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"తెలిసిందిలే. రేపు పొద్దున్నే కాఫీకి రా."

మర్నాడు ఆమె తలుపు తీసేసరికి యాల్మర్ చేతిలో వేడి వేడి దాల్చినచెక్క బన్నులు. ఇద్దరూ ఒక్కసారే అన్నారు, "కిందటిసారికి థాంక్స్!"