హెల్మెట్ మాస్టారికి ప్రథమ చికిత్స

"ఇప్పుడే ఇస్త్రీ చేశానండీ వాటిని! మీ పైపుకి కళ్ళు లేవు సరే, మీకైనా ఉండొద్దూ?"

ఫైర్ స్టేషన్ ఆవరణలో ఎనిమిది బుల్లి యూనిఫాంలు నీళ్ళోడుతూ తీగకు వేలాడుతున్నాయి. ఎనిమిది మంది పిల్లలకు మంటలార్పడం, ప్రథమ చికిత్స నేర్పే టీవీ కార్యక్రమం కోసం కాస్ట్యూమ్ అమ్మాయి వారం రోజులు కూర్చుని కుట్టినవి అవి.

నేర్పే ఫైర్‌మన్ పైపు పట్టుకుని బిక్కమొహం వేశాడు. పిల్లలు అతనికి పెట్టిన పేరు హెల్మెట్ మాస్టారు.

"సారీ అండీ... గాలికి..."

"గాలికి పైపు పట్టుకోవడం కూడా మీరే నేర్పారా?"

పిల్లలు ఇకఇకలాడారు. మాస్టారి చెవులు హెల్మెట్‌కన్నా ఎర్రబడ్డాయి. కాస్ట్యూమ్ అమ్మాయి నవ్వు దాచుకోవడానికి గబగబా అటు తిరిగింది.

పిల్లలతో అయితే మాస్టారి నోరు మూతపడదు. కెమెరా ముందు మాత్రం మాట పెగలదు. రెండు వారాలు ఓపికపట్టి డైరెక్టరమ్మ తేల్చేసింది. "ఇవాళ ఒక్క సీనైనా పూర్తిగా మాట్లాడకపోతే రేపట్నుంచి మీ బదులు ఒక నటుణ్ణి పెట్టేస్తా."

కాస్ట్యూమ్ అమ్మాయి గుండె గుభేలుమంది. రేపట్నుంచి అతను కనబడడు! ఆరిన యూనిఫాంలు తొడుగుతూ ఆ కంగారులో ఒక పిల్లాడి చొక్కా గుండీని పక్కవాడి చొక్కా కాజాకి పెట్టేసింది. ఇద్దరూ చెరోవైపు పరిగెత్తబోయి చతికిలబడ్డారు.

ఆనాటి పాఠం, కళ్ళు తిరిగినవాళ్ళకు సాయం. పడుకోబెట్టాలి, కాళ్ళు ఎత్తిపెట్టాలి, కాలర్ వదులు చెయ్యాలి, ప్రశ్నలడిగి మాట్లాడిస్తూ ఉండాలి. పిల్లలకు కంఠతా వచ్చేసింది.

ఫైరింజన్ షెడ్డులో కెమెరా తిరిగే ముందు ఆమె అతని కాలర్ సర్దింది. "కెమెరాని చూడకండి. నన్ను చూస్తూ చెప్పండి," అంది మెల్లగా.

చూశాడు. ఉన్న నాలుగు ముక్కలూ ఎగిరిపోయాయి. నుదుటి నిండా చెమట పట్టి తూలాడు.

"పేషెంట్!" అని కేకపెట్టింది జట్టు లీడరైన రెండు జడల పిల్ల.

ఎనిమిది మందీ మీదపడి అతన్ని చాప మీద పడుకోబెట్టారు. కాళ్ళ కింద రెండు బకెట్లు బోర్లించారు.

"ఎక్కడ నొప్పి మాస్టారూ?"

"నొప్పి లేదమ్మా. గుండె దడ."

"ఎప్పట్నుంచి?"

"పదహారు రోజులు."

"రోజంతానా?"

"మీ కాస్ట్యూమ్ అక్క సూదీ దారం పట్టుకుని వచ్చినప్పుడల్లా."

"రాకపోతేనో?"

"అప్పుడింకా ఎక్కువ!"

పడుకున్నవాడికి పైకప్పు తప్ప కెమెరా కనబడలేదు. ఇక మాటలు వరదకట్టాయి. "తను తిడితే హాయిగా ఉంటుంది, తిట్టకపోతే దిగులుగా ఉంటుంది. రేపట్నుంచి చూడలేనంటే... మంటల్లోకి దూకినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు. నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడగాలి, నోరు రావట్లేదు."

"వస్తోందిగా!" అన్నాడు కళ్ళజోడు పిల్లాడు.

డైరెక్టరమ్మ గుసగుసలాడింది. "ఎవరూ కెమెరా ఆపకండి! ఆ నటుడికి ఫోన్ చేసి రావద్దనండి."

రెండు జడల పిల్ల కాస్ట్యూమ్ అమ్మాయి మణికట్టు పట్టుకుని నాడి చూసింది. "అక్కా, నీకూ దడే. పడుకో."

ఆమె పక్క చాప మీద పడుకుంది.

"నీకెప్పట్నుంచి?"

ఆమె పైకప్పుకేసి చూసింది. "షో కోసం ఆయన కొలతలు తీసుకున్నానే, ఆ రోజు నుంచి. పదిహేడు రోజులు."

"నాకంటే ఒకరోజు ముందా!" అంటూ అతను లేవబోయాడు.

"పేషెంట్లు కదలకూడదు!" అని కసిరింది రెండు జడల పిల్ల.