ఐస్ ఫ్యాక్టరీ మలుపులో హారను

మా కాలవగట్టు రోడ్డు మీద, మూతబడ్డ ఐస్ ఫ్యాక్టరీ దగ్గర ఒక మలుపుందండి. పగలు చూస్తే ఏమీ లేదు. ఇటు కాలవ, అటు గోడ, గోడ మీద నాచు. పొద్దుగూకాక మాత్రం అటు పనుందంటే మావాళ్ళకి ఉన్నట్టుండి కాళ్ళనొప్పులొచ్చేస్తాయి.

ఎందుకంటే అక్కడ వెనక నుంచి హారను వినిపిస్తుంది. పీప్... పీప్... పీఈఈప్. తిరిగి చూస్తే లైటుండదు. బండుండదు.

పాలవ్యాను వీరబ్రహ్మందే ఆ హారను అంటారు. బతికున్న రోజుల్లో ముందు బండికి బంపరు ఆనించి మరీ తోలేవాడండి. ఓ రాత్రి గడ్డి ట్రాక్టరొకటి ఎంతసేపటికీ సైడివ్వలేదు. హారను కొట్టాడు, కొట్టాడు... ఆఖరికి దాటేద్దామని మలుపులోనే పక్కనుంచి దూరాడు. కాలవలోంచి వ్యాను బయటికొచ్చింది గానీ — వీరబ్రహ్మం రాలేదు.

అప్పణ్ణించీ ఆ హారను విన్నవాడల్లా ఎక్సిలేటరు మెలితిప్పి ఊళ్ళో పడేదాకా ఆగడు. కంగారులో కాలవలో దిగి, ఈదుకుంటూ ఇంటికొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. అతిగా చెప్పట్లేదు, మా వీధిలో ఎవర్నైనా అడగండి.

ఇక మా బావ బుల్లబ్బాయి సంగతి. మా అక్క మొగుడు. ఆయన మోపెడ్ తోలితే వెనక బాతుల మంద కూడా విసుక్కుంటుంది. ఏనాడో హారను పాడైతే తీయించేశాడు. "హారనెందుకురా, మనం ఎవర్ని దాటాం గనక" అంటాడు. కానీ ఒక మర్యాదుంది. వెనక ఏ బండి చప్పుడైనా సరే, ఎడమకి దిగి, చెయ్యి ముందుకి చాపి, "వెళ్ళండి బాబూ" అంటూ పెళ్ళి భోజనానికి పిలిచినట్టు దారిస్తాడు.

ఆ రోజు ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెస్తున్నాడు. తెల్లారితే వాళ్ళమ్మాయి రమ్యశ్రీకి తాంబూలాలు. అంతకుముందు పెళ్ళిచూపులకి తెచ్చినప్పుడు వెనకెవడో తరిమినట్టు హారను కొడితే, కంగారుపడి బండి గుంటలో దింపి పెట్టెడూ పొడి చేసేశాడు. కాబోయే వియ్యపురాలు సూర్యకళగారు ప్లేటు చూసి మెత్తగా అడిగారు.

"అన్నయ్యగారూ, మీ ఊళ్ళో పూతరేకులు స్పూనుతో తింటారాండి?"

మా అక్క ఆ మాట మర్చిపోతుందా? బావ బయల్దేరేటప్పుడే చెప్పింది. "ఈసారి ఒక్క రేకు విరిగిందా, మీరు కాలవ అవతలే ఉండిపోండి."

ఇక్కణ్ణించి బావ నోట విన్నదండి, విన్నట్టే చెప్తున్నాను.

చీకటి పడిపోయింది. కాళ్ళ మధ్య అట్టపెట్టె. దాన్ని మోకాళ్ళతో ఒడిసి పట్టుకుని, చంటిపిల్లని నిద్రపుచ్చినట్టు ప్రతి గుంటనీ మెల్లగా దిగి ఎక్కుతూ వస్తున్నాడు. ఫ్యాక్టరీ గోడ కనపడింది...

పీప్.

బావ మోకాళ్ళతో పెట్టెని ఇంకాస్త గట్టిగా నొక్కాడు.

పీప్...

అద్దంలో చూశాడు. ఒట్టి నలుపు. చెయ్యి ఎక్సిలేటరు మీద బిగుసుకుంది. తిప్పితే చాలు, మలుపు దాటేస్తాడు. కానీ మలుపు తర్వాత గుంటలు. గుంటల తర్వాత పొడి. పొడి తర్వాత స్పూను. స్పూను తర్వాత... మా అక్క.

పీఈఈప్...

"వెనకున్నది దెయ్యమేరా," అన్నాడు బావ నాతో. "కానీ ఇంట్లో ఉన్నది మీ అక్క."

తిప్పలేదు. ఎడమకి దిగాడు. కాలు నేలకి ఆనించి, కళ్ళు గట్టిగా మూసుకుని, చెయ్యి ముందుకి చాపాడు.

"వెళ్ళండి బాబూ... మెల్లిగా... ముందు గుంటలున్నాయి."

ఒక గాలి — వెనక నుంచి ముందుకి. పచ్చిపాల వాసన. చొక్కా రెపరెపలాడింది. ఆ తర్వాత ఏమీ లేదు. కప్పలు కూడా ఆగిపోయాయట.

పోయిందిలే, అనుకున్నాడు. బండి కదిలించాడు.

అప్పుడు వినపడిందండి... వెనక. ఇంజను గురగుర. అందులోంచి సన్నగా — ఆడగొంతు. పాట.

ఆపాడు. అదీ ఆగింది. చెయ్యి చాపాడు. ముందుకి రాలేదు. కదిలాడు. కదిలింది. ఓరగా చూస్తే — చీకట్లో తెల్లచీర.

బావ ఆంజనేయస్వామిని గట్టిగా పిలవడం మొదలెట్టాడు. ఈయన గొంతు పెంచితే వెనక గొంతూ పెరిగింది. అలా ఇద్దరూ పోటీపడి కచేరీ చేసుకుంటూ, బాతునడకన, ఊరి మొదటి వీధిదీపం కిందికొచ్చారు.

బావ దిగి పెట్టెకి అడ్డంగా నిలబడ్డాడు. "ఏం కావాలన్నా నన్ను పట్టుకో. పూతరేకులు ముట్టుకోకు."

"నేనండి బుల్లబ్బాయిగారూ," అంది తెల్లచీర.

చూస్తే ప్రసన్నకుమారి టీచరుగారు. మా బడిలో రెండో తరగతికి చెప్తారు. ప్రార్థన కూటం నుంచి స్కూటీ మీద ఇంటికొస్తుంటే దార్లో బ్యాటరీ చచ్చిపోయిందట.

"లైటు లేదండి. అందుకే మీ లైటు పట్టుకుని వెనకాలే వస్తున్నాను. మీరేమో మాటిమాటికీ ఆగి వెళ్ళమంటారు. చీకట్లో ఎలా వెళ్ళనండి? మీ కేకలకి భయమేసి కీర్తన పాడుకున్నాను."

బావ రోడ్డు మీదే చతికిలబడి కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వాడు. టీచరుగారూ నవ్వారు. దీపం కింద పెట్టె మూత తీసి చూస్తే ఒక్క రేకూ విరగలేదు. (మర్నాడు సూర్యకళగారు చేత్తోనే తిన్నారు. రెండోసారి అడిగి మరీ.)

"అయినా టీచరుగారూ, ఆ హారనేంటండీ అలా కొట్టేశారు. సగం ప్రాణం పోయింది."

టీచరుగారి నవ్వు ఆగిపోయింది. "నేనెక్కడ కొట్టానండి? బ్యాటరీ లేదుగా. మీరు కొట్టారనుకున్నాను."

"నా బండికసలు హారనే లేదండి."

ఇద్దరూ తిరిగి మలుపు వైపు చూశారు.

"మీరు మొదటిసారి చెయ్యి చాపినప్పుడు," టీచరుగారు గొంతు తగ్గించారు, "నా కొంగు ముందుకి ఎగిరిందండి. పక్కనుంచి ఏదో వెళ్ళినట్టు..."

"ఇన్నేళ్ళూ వాణ్ణి చూసి పారిపోయినవాళ్ళేగానీ," అన్నాడు బావ నెమ్మదిగా, "సైడిచ్చినవాళ్ళెవరండీ."

సరిగ్గా అప్పుడే దూరంగా — ఈసారి వెనక నుంచి కాదండి, ముందు నుంచి, రావులపాలెం వైపు నుంచి —

పీప్... పీప్... పీఈఈప్...

బావ పెట్టె మూత జాగ్రత్తగా వేశాడు.

"ముందెవరో సైడివ్వట్లేదు కాబోలండి."