వేర్లు తుంపిన పుట్టగొడుగులు

రూతుకి యాభై రెండేళ్లు. అన్నం తినేటప్పుడు ఫోన్లో రేడియో పెట్టుకుంటుంది. ఏ పాట వస్తోందో, ఏ వార్త చదువుతున్నారో ఆమెకి పట్టదు. ముద్ద నమిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించని ఇంట్లో రెండో గొంతు ఉంటే చాలు. మొగుడు విజయ్ పాల్ రొయ్యల మేత వ్యాపారమంటూ భీమవరం వెళ్ళి, అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. రూతు ఇంట్లో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టి బతుకుతోంది.

కొవ్వూరుకి దిగువన ఆమె ఊరు. పొలాలన్నీ చేపల చెరువులయ్యాక అక్కడ పుట్టలు మిగిలింది ఏటిగట్టు కింద తాటితోపులోనే. తొలకరి ఉరుములకి వాటి మీద పుట్టగొడుగులు లేస్తాయి. ఊళ్లో ఎవరూ వాటి జోలికి పోరు. ఎందుకు పోరో పక్కింటి సత్యవాణి ఏటా చెబుతుంది. ఆ సాయంత్రమూ చెప్పింది.

"మళ్ళీ బుట్ట పట్టుకుని బయల్దేరావా వదినా? ఆ లోవలక్ష్మి మొగుణ్ణీ అత్తనీ పైకి పంపించేసింది ఆ పుట్ట మీదివి వండిపెట్టే కదా!"

"విషపు కుక్కగొడుగులు కలిసుంటాయి. చూసుకోలేదేమో."

"చూసుకోలేదా? మరి తను ఒక్క ముద్దా ముట్టలేదేం? పోలీసులు అడిగితే 'నాకు మిగల్లేదండి' అందంట. ఏం జవాబమ్మా!"

"నిజమే అయ్యుంటుంది."

"నిజమైతే గోదాట్లో దూకడం దేనికి? శవం కూడా దొరకలేదు." సత్యవాణి గొంతులోకి జాలి తెచ్చుకుంది. "అయినా ఒంటిదానివి. నీకేమన్నా అయితే తలుపు తట్టేవాళ్లు కూడా లేరు. ఆలోచించుకో."

లోవలక్ష్మి పల్లెపాలెం మనిషి. రూతు ఆమెని ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ జవాబు మాత్రం తెలుసు. ఇంటిల్లిపాదీ తిని లేచాక గిన్నె గీక్కుని తినే ఆడవాళ్లున్న ఊరది. అలాంటి ఊళ్లో ఒక ఆడది తినకపోవడమే హత్యకి రుజువైపోయింది. ఆ రుజువుకి తలూపినవాళ్లలో సగం మంది ఆ రాత్రి కూడా గిన్నె గీక్కునే తిని ఉంటారు.

తాటితోపులో మబ్బు చీకటి. తడిసిన మట్టలు గాలికి గరగరమంటున్నాయి. పుట్ట మీద తెల్లగా, గుంపుగా లేచి ఉన్నాయి. రూతు మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటే మొదట్లో పట్టుకుని మెల్లగా లాగింది. మంచిదైతే తోకలాంటి పొడుగాటి వేరు పుట్ట లోపల్నుంచి తెగకుండా వస్తుంది. గొడుగు నడుమ చిన్న మొన ఉంటుంది. అడుగున రేకులు తెల్లగా ఉంటాయి. కుక్కగొడుగుకి ఆ వేరుండదు, కాడ చుట్టూ కడియంలా పొర ఉంటుంది, రేకులు ముదిరితే పచ్చబడతాయి. వేరు చూడకుండా ఏదీ బుట్టలో వేయకూడదని అమ్మ చేయి పట్టి నేర్పింది.

"బాగా లేచాయి కదండీ."

రూతు ఉలిక్కిపడింది. పుట్టకి అవతల ఒకావిడ కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లుంటాయేమో. ఎప్పుడొచ్చిందో తెలియలేదు. ఒళ్లో చీర చెంగు నిండా పుట్టగొడుగులు.

"కుప్ప పోద్దామా అక్కా?"

ఒకే పుట్ట దగ్గర ఇద్దరు కలిస్తే దొరికినవన్నీ ఒకే కుప్ప పోసి చెరిసగం పంచుకోవాలి. ఏరుకునేవాళ్ల పాత మర్యాద అది. ఎదుటి మనిషివి ఎంచి చూడ్డం ముఖాన ఉమ్మేసినట్టే. రూతు బుట్ట బోర్లించింది. ఆవిడ చెంగు విదిల్చింది. రెండూ కలిసిపోయాక చూసింది రూతు... ఆవిడ తెచ్చినవాటికి వేర్లు లేవు. అన్నీ మొదలంటా తుంపేసి ఉన్నాయి.

అడుగుదామనుకుంది. మర్యాద అడ్డొచ్చింది. ఇంతలో చినుకులు మొదలయ్యాయి.

"నా వాటా కూడా మీరే వండెయ్యండక్కా. నాకు పొయ్యి లేదండి."

ఏ దిక్కూ లేని మనిషి కాబోలు అనుకుంది రూతు. నిజం చెప్పాలంటే, ఇంట్లో ఇంకో మనిషి కూర్చుని తింటుందన్న ఆశే ఆమె చేత "రా, తినేసి వెళ్దువు గాని" అనిపించింది.

ఇల్లు చేరేసరికి కరెంటు లేదు. ఫోనూ ఆరిపోయింది. జల్లు కొడుతోందని రూతు తలుపు గడియ పెట్టి, కొవ్వొత్తి వెలిగించింది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు వేసి కూర వండింది. ఉడికాక అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. తనవేవో, ఆవిడవేవో. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుంది. ఇంటి నిండా కూర వాసన. దాని అడుగున ఇంకో వాసన... వరద తీసేశాక గట్టున మిగిలే వండ్రుమట్టి వాసన.

రూతు రెండు కంచాలు పెట్టింది. ముద్ద కలిపింది. ఆవిడ కదల్లేదు. రూతు నోటి వైపే చూస్తోంది.

"నువ్వు తినవేంటమ్మాయ్?"

"మిగిలితే తింటానండి."

రూతు చేయి ఆగిపోయింది.

చూరు నీళ్లు ధారగా పడుతున్నాయి. ఆవిడ చీర అంచు నుంచి కూడా నీళ్లు కారుతున్నాయి. వచ్చి ఇంతసేపైనా... ఆగలేదు.

"నువ్వు... పల్లెపాలెం మనిషివా?"

ఆవిడ తలూపింది.

రూతు గిన్నె దగ్గరికి లాక్కుని, కూర సరిగ్గా సగం ఆవిడ కంచంలో వేసింది. "ముందు నువ్వే తిను. ఇక్కడ మిగలడమేంటి? ఇది నీ వాటా."

ఆవిడ కంచం వంక చాలాసేపు చూసింది. తర్వాత తింది. గబగబా, ఎవరో లాగేసుకుంటారన్నట్టు తింది. తిని చేయి నాక్కుని గుసగుసగా అంది. "ఇప్పుడు మీరండి."

"నాకు ఆకలి లేదమ్మా."

"అవి మంచివేనండి. ఆ రోజువీ మంచివే."

"నేను నమ్ముతున్నాను."

"నమ్మితే తినండి. మీరు తిని పొద్దున్న లేస్తే... నాకు చాలండి."

"నీ మాట నిలబెట్టడానికి నా ప్రాణం కావాలా?"

"నా మాటకి ఇంకెవరూ లేరక్కా."

రూతు ముద్ద వంక చూసింది. వేర్లు లేవు. రేకులు లేవు. పసుపు ఒక్కటే. తను పొద్దున్న లేవకపోతే ఈ వీధికి ఎప్పుడు తెలుస్తుంది? కుట్టమని ఇచ్చిన జాకెట్టు కోసం ఎవరో వచ్చేదాకా... ముద్ద కంచంలో వదిలేసింది.

"నావల్ల కాదమ్మా."

కొవ్వొత్తి ఆరిపోయింది.

రూతు గోడకి అతుక్కుపోయింది. అగ్గిపెట్టె చేతికి అందలేదు. చీకట్లో కంచం కదిలిన చప్పుడు. తర్వాత నమిలే చప్పుడు. మెల్లగా... ఆగి ఆగి... చాలా దగ్గరగా. వాన చప్పుడులో అది ఎక్కణ్ణుంచి వస్తోందో తెలియలేదు. కళ్లు మూసుకుంది. "ప్రభువా" అనబోయింది. మాట బయటికి రాలేదు...

తెల్లారి లేచేసరికి వాన వెలిసింది. గడియ పెట్టింది పెట్టినట్టే ఉంది. గోడ పక్కన నేల పొడిగా ఉంది. రెండు కంచాల్లోనూ మెతుకు లేదు. రూతుకి కడుపు నిండుగా ఉంది. కుడిచేతి వేళ్లు పసుపుపచ్చగా, గోళ్లలో ఆరిపోయిన అన్నం. పంటి సందులో మెత్తగా ఏదో ఇరుక్కుని ఉంది. నాలికతో తీసి అరచేతిలో వేసుకుంది. కూరలోది కాదు. ఉడకనిది, పచ్చిది, పుట్టమట్టి అంటిన సన్నటి తెల్లటి వేరు.

ఒంట్లో ఏమీ కాలేదు. ఆ రోజూ కాలేదు, మర్నాడూ కాలేదు.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళకి రూతు లేచి నిలబడి, లోవలక్ష్మి కోసిన పుట్టగొడుగులు తిన్నానని అందరి ముందూ చెప్పింది.