చివరి పేజీలో లేని పేరు

మూడు రోజులుగా ముసురు వదలలేదు. ఆ ఉదయం డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చిన మనిషి గొడుగు కూడా మరిచిపోయి, నీళ్లు కారుతూ గుమ్మంలోనే నిలబడ్డాడు. పెద్దాసుపత్రి శవాగారంలో రికార్డు గుమాస్తా అతను. పందొమ్మిదేళ్ల సర్వీసు.

"రేపు నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారమ్మా. అది పోతే పోయింది. శవాన్ని దాచానంటున్నారు. ఇంట్లో పిల్లల మొహం చూడలేకపోతున్నాను."

డిటెక్టివ్ తువ్వాలు అందించి కుర్చీ చూపించింది. ఆవిడ సహాయకుడు ముప్పయ్యేళ్లు అచ్చాఫీసులో అక్షరాలు కూర్చి రిటైరైన కంపోజిటర్. ఆవిడ మాట ఆయనకు వేదవాక్కు. వెంటనే కాగితం, కలం తీశాడు.

గుమాస్తా చెప్పిన సంగతి చిన్నదే. రోడ్డు ప్రమాదంలో పోయిన ఒక పెద్దాయన జేబులో గుర్తింపు కార్డు దొరికింది. అందులోని చిరునామాకు రాస్తే ఉత్తరం తిరిగొచ్చింది. పేరును శవాల లిస్టులో ఎక్కించి శవాగారం కిటికీ పక్క గోడకు అంటించారు. మూడు వారాలు గడిచినా ఎవరూ రాకపోయేసరికి ఆసుపత్రే పూడ్చిపెట్టింది. నాలుగో వారం పోలీసులు తమ్ముడి జాడ పట్టుకుని కబురు చెప్పారు. అన్న కనిపించక తాను మూడు సోమవారాలు అక్కడికి వచ్చానని, లిస్టులో పేరు లేనే లేదని, పూడ్చాకే ఎక్కించారని ఆ తమ్ముడి ఫిర్యాదు.

"అతను అబద్ధమాడుతున్నాడా?"

"లేదమ్మా. మూడుసార్లూ వచ్చాడు, నేనే చూశాను. గోడ మీద చూసుకోమన్నాను. పేర్లు నోటితో చెప్పకూడదని సూపరింటెండెంట్ గారి ఆర్డరు."

"మరి నువ్వు?"

"పిల్లల మీద ఒట్టు. వచ్చిన రోజే ఎక్కించాను."

"ఇద్దరూ నిజమే చెబుతుంటే ఇక అబద్ధం గోడదే," అన్నాడు కంపోజిటర్. ఎవరూ నవ్వలేదు. డిటెక్టివ్ మాత్రం ఆయన వైపు మెచ్చుకోలుగా చూసింది.

"లిస్టు ఎవరు సర్దుతారు?"

"నిరుటి దాకా చేతి రిజిస్టరు. ఇప్పుడు నేను పేరు కొడితే చాలు, కంప్యూటరే వరసలో పెడుతుంది. ఆరు పేజీలు. ప్రతి సోమవారం పాతవాటి మీదే కొత్తవి అంటిస్తాం."

మధ్యాహ్నం డిటెక్టివ్, కంపోజిటర్ తమ్ముడి ఇంటికి వెళ్లారు. అతను గెడ్డం మాసి, రెండు చేతుల మధ్య చల్లారిన టీ పట్టుకుని కూర్చున్నాడు. డిటెక్టివ్ ఒక్కటే అడిగింది.

"లిస్టు ఎలా చూశారు?"

"నేరుగా చివరి పేజీ. మా ఇంటిపేరు ఎక్కడైనా అక్కడే ఉంటుంది. బడిలో హాజరుకు కూడా మేం అన్నదమ్ములమే ఆఖరు. మూడుసార్లూ కింది నుంచి పై దాకా చదివానండీ. లేదు."

తిరిగి వస్తూ ఆవిడ కంపోజిటర్‌ని అడిగింది. "మీ అచ్చులో 'క్ష' కూర్చడానికి ఎన్ని దిమ్మలు కావాలి?"

"ఒక్కటే. అచ్చు పెట్టెలో చిట్టచివరి గడిలో ఉంటుంది." ఎందుకడిగిందో ఆయనకు అర్థం కాలేదు. అయినా రాసుకున్నాడు.

మర్నాడు శవాగారం కిటికీ ముందు గుమాస్తానూ, తమ్ముడినీ, సూపరింటెండెంట్‌నూ నిలబెట్టింది. కంపోజిటర్ తడిగుడ్డతో గోడ మీది కాగితాలను పొరలుపొరలుగా ఊడదీశాడు. అడుగున, తమ్ముడు వచ్చిన మొదటి సోమవారం నాటి కాగితాలు బయటపడ్డాయి.

"ఆరో పేజీ వద్దు. రెండో పేజీ చూడండి," అంది డిటెక్టివ్.

'కౌ'లు, 'క్ర'లు అయిపోయాక, 'ఖ'కి పైన, అన్న పేరు ఉంది. తర్వాతి రెండు సోమవారాల కాగితాల్లోనూ అక్కడే ఉంది.

"మీ ఇంటిపేరుకు మొదటి అక్షరం 'క్ష'. మనకు అది ఒకే అక్షరం. వర్ణమాల చివర్లో ఉంటుంది. కంప్యూటర్‌కు ఆ అక్షరమే లేదు. క, పొల్లు, ష అని మూడు ముక్కలుగా దాచుకుంటుంది. ఎప్పుడో కంప్యూటర్ కోసం అక్షరాలకు అంకెలు వేసినవాళ్లు అలా వేశారు. ఆ అంకెల వరసలోనే పేర్లు సర్దుతుంది. అందుకే మీ అన్నగారు 'క'ల గుంపులోకి వెళ్లిపోయారు. ఈయన దాచలేదు. మీరు అబద్ధమాడలేదు."

సూపరింటెండెంట్ గొంతు సవరించుకున్నాడు. "అయితే తప్పు కంప్యూటర్‌దన్నమాట."

"దాని వరస దానిది. నోరున్న మనిషిని కిటికీలో కూర్చోబెట్టి మాట్లాడొద్దన్నది మీరు. గుమాస్తా ఒక్కసారి పేరేమిటని అడిగి ఉంటే ఈ తమ్ముడు అన్నను ఇంటికి తీసుకెళ్లేవాడు."

తమ్ముడు ఆ కాగితం మీద అన్న పేరు వెంట వేలు కదిపాడు.

"నాకు అక్షరాలు నేర్పింది అన్నయ్యే," అన్నాడు. "మన అక్షరం అన్నిటికన్నా చివర ఉంటుందిరా, వెతుక్కోవడం తేలిక అనేవాడు."

కంపోజిటర్ తన చేతుల వైపు చూసుకున్నాడు. ముప్పయ్యేళ్లు ఆ దిమ్మను ఆ చివరి గడిలోనే పెట్టిన చేతులవి.

తమ్ముడు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ సంతకం చేశాడు. తర్వాత గుమాస్తాను అడిగాడు. "ఎక్కడ పెట్టారో చూపిస్తావా?"

శ్మశానంలో నెంబర్లు రాసిన రేకులు వరసగా తడుస్తున్నాయి. గుమాస్తా నోరు తెరిచేలోపే తమ్ముడు బురదలో గబగబా నడుస్తూ వరస చివరికి వెళ్లి, అక్కడ వంగి చూడసాగాడు.

గుమాస్తా వెనకే వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కడ కాదన్నా," అన్నాడు మెల్లగా. "ఇటు, మధ్యలో."