గరిటె అందుకున్న చెయ్యి

మా నానమ్మ హొనొరీన్ ఇంటి ముందుగదిలో నాలుగు బల్లలు వేసి హోటల్ తెరిచింది. న్యూ ఆర్లీన్స్‌లో పెద్ద హోటళ్లు నల్లవాళ్లమని మావాళ్లను గుమ్మం తొక్కనివ్వని రోజులవి. పెళ్లయినా చావైనా మా పేటంతా ఆమె వండిన గంబో, ఆ చిక్కటి మాంసం పులుసు, తాగాకే ఇళ్లకు వెళ్లేది. తర్వాత వరద వచ్చి పేట ఖాళీ అయింది. ఇప్పుడు ఆ ఇళ్లు కొనుక్కున్నవాళ్లు గోడల రంగు బాగుందని ఫోటోలు తీసుకుంటారు. చూస్తే ఒళ్లు మండిపోతుంది నాకు.

గంబోకి ప్రాణం ‘రూ’ అనే వేయించిన పిండి ముద్ద. ఇనప మూకుడులో నూనె, పిండి వేసి ముదురు రంగు తేలేదాకా కలుపుతూనే ఉండాలి. గరిటె కింద పెట్టకూడదు. కలిపేవాళ్ల చెయ్యి లాగితే పక్కనున్నవాళ్లు అందుకోవాలి. అడిగించుకోవడం మా ఇంట్లో తప్పు.

వరదకు ముందురోజు నానమ్మను తీసుకెళ్లడానికి నా తమ్ముడు ఆల్సిడ్ కారు తెచ్చాడు. "కాస్త గరిటె పట్టుకోరా, సంచి సర్దుకొస్తా" అందట. "ఊరు మునుగుతుంటే రూ ఏంటే!" అని వాడు విసుక్కుని, ఆమెను వదిలేసి వెళ్లిపోయాడు. నీళ్లు తీశాక పొయ్యి దగ్గరే దొరికింది నానమ్మ. గరిటె దొరకలేదు.

ఏళ్లు గడిచాక ఆల్సిడ్ ఆ హోటల్‌నే అమ్మకానికి పెట్టాడు. కొనేవాళ్లకు ఆమె పేరు కావాలట, మేం అక్కర్లేదట. మర్నాడే సంతకాలు. గోడమీద నానమ్మ ఫోటో తెచ్చుకుందామని ఇద్దరం వెళ్లాం. వాన మబ్బుకి మధ్యాహ్నమే చీకటి కమ్మింది. లోపల కరెంటు లేదు, గ్యాసు లేదు. అంతా బూజు వాసన.

"అమ్మకురా. నేను నడుపుతాను," అన్నాను.

"ఎవరొస్తారక్కా తినడానికి? దెయ్యాలకి వడ్డిస్తావా?" నవ్వుతూ వెనక గదుల్లోకి వెళ్లాడు.

నేను ముందుగదిలో ఫోటో దించుతున్నాను. అప్పుడు వచ్చింది వాసన. పిండి వేగుతున్న కమ్మటి వాసన... వెంటనే చప్పుడు. ఇనుము మీద కొయ్య.

గర్... గర్...

వంటింట్లోంచి ఆల్సిడ్ గొంతు వినిపించింది. చిన్నప్పటి మెత్తని గొంతు.

"పంతం పట్టి మొదలెట్టేశావా? చెయ్యి లాగుతోందా అక్కా? ఇటివ్వు."

నేను ముందుగదిలోనే ఉన్నాను.

పరుగెత్తాను. ఫోన్ వెలుగులో చూస్తే పొయ్యి చల్లగా ఉంది. మూకుడు ఖాళీ. వాడి చేతిలో నల్లటి కొయ్య గరిటె... కాడ నుంచి మురికినీళ్లు కారుతున్నాయి. తిప్పుతూనే ఉన్నాడు. గుమ్మంలో నన్ను చూశాడు.

"అక్కా... నువ్వక్కడుంటే..." గుసగుసలాడాడు. "నాకిచ్చిందెవరు?"

గరిటె లాగి బయట పారేశాను. వాడి చెయ్యి ఆగలేదు.

సంతకం జరగలేదు. పెట్టడానికి వాడి చెయ్యి ఖాళీగా లేదు. హోటల్ మాదే. ఇలా దక్కాలని నేను కోరుకోలేదు. డాక్టర్లు నరాలన్నారు, మందులిచ్చారు. ఖాళీ పిడికిలి నిద్రలో కూడా గుండ్రంగా తిరుగుతూనే ఉంది. మెలకువలో ఉంటే నావైపు చాపుతాడు.

"ఇంకా రంగు రాలేదక్కా. కాస్త అందుకో."

నేను చేతులు వెనక్కి దాచుకుంటాను. నా తమ్ముడు అడుగుతుంటే దాచుకుంటాను. భయం మరి.

ఈ పొద్దున లేచేసరికి నా కుడి అరచేతిలో బొబ్బ లేచి ఉంది. గరిటె కాడ ఒరుసుకునే చోట. పక్కగదిలో ఆల్సిడ్ రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నాడు.