దూదిమిల్లు కాడ ఆగిన కారు

అమరచింత నుంచి గద్వాలకు పోయే దారిల మూతబడ్డ దూదిమిల్లు ఒకటి ఉండె. చీకటి పడితే దాని ముందర బండ్లు వాటంతట అవే బందైతయని పేరు. మిల్లు నడిచిన రోజుల అండ్ల పనిచేసే ఒకామె, నిండు నెలలతోటి, నొప్పులొచ్చి రోడ్డు మీదికొచ్చి చెయ్యెత్తిందట... ఒక్క బండీ ఆగలేదట. పొద్దుగాల చూస్తే మిల్లు గేటు కాడనే...

అందుకే కడుపుతోని ఉన్న మనిషిని తీసుకపోయేటోళ్లు అక్కడ బండి ఆపి, ఆ మనిషి చేతి గాజు ఒకటి గేటుకు తగిలించి పోవాలె. మనం ఆపకపోతే ఆమెనే ఆపుతదని భయం.

రెండువేల మూడుల, వానకాలం. నా బిడ్డ సౌందర్యకు నెల తక్కువనే నొప్పులొచ్చినయి. లోపల పిల్ల అడ్డం తిరిగింది, జల్ది గద్వాల దవాఖానకు తీసుకపోండ్రి అన్నది నర్సమ్మ. పక్కింటి అర్షద్ తన పాత పెట్రోలు కారు తీసిండు. వెనక సీట్ల నేను, నా వియ్యపురాలు పెంటమ్మ, మా నడుమ సౌందర్య.

ఆ కారుకు ఒక జబ్బు. యాక్సిలేటర్ మీద కాలు ఉన్నంతసేపే నడుస్తది. తీస్తే దగ్గి ఆగుతది. అర్షద్ దారి పొడుగునా దాన్ని బతిమాలుతనే ఉన్నడు — "గట్లనే... గట్లనే నా తల్లీ..."

మిల్లు కనబడ్డది.

"ఆపు," అన్నది పెంటమ్మ.

"ఆపితే మళ్ల లేవదు పెద్దమ్మా."

"నీకేం తెల్సురా పోరడా? పానం మీదికొచ్చింది నా కోడలికి. ఆపు!"

అర్షద్ అద్దంల నా దిక్కు చూసిండు.

కారు ఆగింది. ఇంజను దగ్గింది... సల్లబడ్డది.

పెంటమ్మ సౌందర్య చేతి గాజు తీసుకొని దిగి, గేటుకు తగిలించి, వెనక్కి చూడకుంట ఉరికొచ్చి నా బిడ్డ పక్కన కూసున్నది.

కిర్... కిర్... లేవలే.

"అమ్మా... నాతోని కాదే..." సౌందర్య నా చెయ్యి ఎముకలు విరిగేటట్టు పట్టుకున్నది.

ఇంజనుకు పెట్రోలు ఎక్కువ పారేటట్టు అర్షద్ చోక్ గుంజిండు. ఇంజను లేచి వణకబట్టింది. అది బందైతదేమోనని ఉరికి పోయి బానెట్ ఎత్తిండు. బానెట్ అడ్డమొచ్చింది. టార్చి వెలుగు తప్ప మాకేం కనబడలే.

అప్పుడు వినబడ్డది — స్స్స్... ఆడమనిషి నొప్పికి పండ్లు కరుచుకొని ఊపిరి గుంజినట్టు.

"వచ్చింది వదినా..." అన్నది పెంటమ్మ. "వచ్చింది..."

నాకు కారు సంగతి తెల్వదు. మంత్రం తెల్వదు. బిడ్డ తల ఒడిల పెట్టుకొని కూసున్న, అంతే.

ఇంజను చప్పుడు పెరిగింది... తగ్గింది. మళ్ల పెరిగింది... మళ్ల తగ్గింది. తగ్గినప్పుడల్లా ఆ స్స్స్ ఎక్కువైతుంది. ముందర అర్షద్ ఏదో అంటున్నడు. ఆ రొదల సరిగ వినబడలే. కారునే బతిమాలుతున్నడనుకున్న.

ఒక్కసారే ఆ ఊపిరి ఆగిపోయింది. ఇంజను వణుకుడు మాని సాఫ్‌గ నడవబట్టింది.

అర్షద్ వచ్చి కూసున్నడు. "దయ్యం లేదు, గియ్యం లేదు. రబ్బరు పైపు పగిలి గాలి గుంజుతుంది. ట్యూబు ముక్క చుట్టి కట్టిన."

మళ్ల ఎక్కడా ఆగలే.

దవాఖానల సౌందర్యను లోపలికి తీసుకపోయి తలుపు మూసిండ్రు. కోత పెట్టాలన్నరు. ఏలిముద్ర ఏసిన. ఆ తలుపు దిక్కు చూసుడు తప్ప నాతోని ఏమైతది? ఎప్పటికో పసిపిల్ల ఏడ్పు వినబడ్డది. ఆడపిల్ల. తల్లీ పిల్లా ఇద్దరూ దక్కిండ్రు.

అర్షద్ చాయ్ తెచ్చిండు. నేను అతని చేతులు పట్టుకున్న.

"నాదేముంది పెద్దమ్మా?" నవ్విండు. "నేను తొక్కు అంటే తొక్కినవ్, ఇడ్సు అంటే ఇడ్సినవ్. నువ్వు కాలు తీసినప్పుడే గదా చప్పుడు ఎక్కువై, పైపు ఎక్కడ పగిలిందో దొరికింది. నీకు యాక్సిలేటర్ ఏదో ఎర్కేనని ఎన్నడూ చెప్పకపోతివి!"

పెంటమ్మ నా దిక్కు చూసింది. నేను పెంటమ్మ దిక్కు చూసిన.

"మేమిద్దరం వెనకనే ఉంటిమి నాయనా," అన్న. "పిల్లను పట్టుకొని... ముందరికి ఎవ్వరం పోలే."

అర్షద్ చాయ్ గిలాస కింద పెట్టిండు. మెల్లగ అడిగిండు —

"మరి... నేను చెప్పినప్పుడల్లా 'ఆఁ' అన్నదెవరు పెద్దమ్మా?"