బరువు పెరిగిన ఎలుకలు

నూట పన్నెండు గ్రాములు. అబద్ధం. ఎలుక అబద్ధమాడదు కాబట్టి త్రాసు ఆడుతోంది, త్రాసు ఆడకపోతే మనిషి ఆడుతున్నాడు, మనిషైతే ఎవరు? కామేశం తెల్ల ఎలుకను మళ్లీ పళ్లెంలో పెట్టాడు. నూట పన్నెండే. మొదటి వారమంతా, వేరుశనగ పిండి తినే ఈ ఆరో పంజరం ఎలుకలకు వెన్నుపూసలు వేలికి తగిలేవి. ఇప్పుడు పాలపిండి తినే పక్క పంజరం ఎలుకలతో సమానంగా నిగనిగలాడుతున్నాయి. ఎవరో దొంగతనంగా తినిపిస్తున్నారు. ఆ ఎవరో దొరికితే గొంతు ఎక్కడ నొక్కాలో అతని చేతులు అప్పుడే ఆలోచిస్తున్నాయి.

నెల కిందట హైదరాబాదులో చీఫ్ లక్ష్మీనరసింహం బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో ముగించాడు.

"విదేశీ ముఠా. పేరుకి ఆహార కంపెనీ. పసిపిల్లల కేంద్రాలకి వేరుశనగ పిండి పంపుతామంటున్నారు. గోదాములో మాడిన సరుకు."

"ప్రొటీన్ ఉండదా సార్?"

"ఉంటుంది. అదే తంటా. నైట్రోజన్ కొలిస్తే లెక్క సరిపోతుంది. కాని మాడితే అందులో లైసీన్ పోతుంది. అది లేని ప్రొటీన్ ఒంటికి పట్టదు. బయటపెట్టేది ఎలుక ఒక్కటే. నాలుగు వారాలు పెట్టి, తిన్న గ్రాము ప్రొటీన్‌కి ఎన్ని గ్రాములు పెరిగిందో చూస్తారు. రెండు దాటితే పాస్."

"నాకు ముందు వెళ్లిన ఏజెంటు?"

"అనకాపల్లి రైల్వే గేటు పక్కన దొరికాడు. చెప్పులు లేవు. ఊపిరీ లేదు."

అలా కామేశం చోడవరంలో, బుచ్చయ్యపేట రోడ్డు మీది పాత బంగళా లేబొరేటరీలో, పరదేశి అన్న దొంగపేరుతో పంజరాలు కడిగే కూలీ అయ్యాడు. చుట్టల డబ్బాలో కెమెరా. నాలుగు వారాలుగా కెమిస్టులను, గుమస్తాలను, గేటు దగ్గర ఆగిన ప్రతి కారునూ ఫొటో తీశాడు. అనుమానం అతనికి వృత్తి కాదు. మనుషులతో మిగిలిన ఒకే ఒక చుట్టరికం.

ఇప్పుడు త్రాసు ముందు నిలబడ్డ అతని వెనక సెంటు వాసన. నల్ల కళ్లద్దాలు, నీలం వాయిల్ చీర. కెమిస్టు లక్ష్మీసుందరి. రెండు వైపులా పనిచేసే మనిషి. ఏ వైపు ఎక్కువో ఆమెకే తెలియదంటాడు చీఫ్.

"ఈ ఏడు బెల్లం రంగెలా ఉంది?" అందామె.

"పాకం ముదిరింది."

కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "రెండు పాయింట్ ఒకటి. పిండి పాస్. పదకొండింటికి వాళ్ల ఎక్స్‌పర్ట్ క్రాఫర్డ్, మన డైరెక్టరు సంతకాలు పెడతారు. లారీలు సిద్ధంగా ఉన్నాయి."

"తినిపిస్తున్నది ఎవరు?"

"గూఢచారి మీరా, నేనా?" అనేసి వెళ్లిపోయింది.

రోజూ ఈ వేళకి కామేశం ట్రేలు కడగడానికి నూతికి వెళ్తాడు. ఇవాళ వెళ్లలేదు. బస్తాల వెనక నక్కాడు. పావుగంటకి నీళ్లు మోసే అచ్చియ్యమ్మ వచ్చింది. బిందె దించి, కొంగులోంచి ఆకు పొట్లం విప్పి, ఆరో పంజరం తలుపు తీసింది.

కామేశం ఒక్క ఉరుకులో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఎవులు పంపేరు నిన్ను?"

"సెయ్యి ఒగ్గరా సచ్చినోడా! పంపీదేటి? ఇగ్నేస్పరుడు పంపేడు!"

"ఏటిది?"

"కళ్లు పోనాయా? ఉండ్రాళ్లు. ఇనాయక సవితినాడు మొక్కేను, ఇరవయ్యొక్క రోజులు ఆ సావి వాహనానికి పెడతానని. ఇయాలతో సరి. మా కూతురు కన్న గుంటకి కాళ్లూ మొకం పొంగిపోనాయి. కేంద్రం వోళ్లు పిండి ఇస్తారట. అదొచ్చేదాకా పేనం నిలవాలని మొక్కేను."

"ఈ పంజరానికే ఎందుకు?"

"బక్కసిక్కినియ్యి ఇయ్యే గదరా. బలిసినోటికి పెడతారేటి? నీకు జాలి లేదు. సస్తే ఊడిసి పారేస్తావు."

బియ్యపు రవ్వ, శనగపప్పు. మాడిన పిండిలో ఏది చచ్చిపోయిందో అది శనగపప్పులో ఉంది. ముఠా వేలు కూడా కదపనక్కర్లేకపోయింది. కామేశానికి మొదట కలిగింది నిరాశ. నెల రోజులు పెంచుకున్న ద్వేషానికి మొహం దొరకలేదన్న నిరాశ. అన్ని ఫొటోల్లో ఈ మనిషిది ఒక్కటీ లేదు. తీయదగ్గ మనిషని తోచనే లేదు.

గుమ్మంలో లక్ష్మీసుందరి. చేతిసంచిలోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది.

"కనిపెట్టారు. అభినందనలు. పదకొండున్నర దాకా కదలకండి."

"నీకెప్పుడు తెలుసు?"

"ఈవిడ రెండో రోజు పెడుతున్నప్పుడే. త్రాసులో పెట్టమని మావాళ్లు అయస్కాంతం పంపారు. పెట్టె విప్పే పనే పడలేదు." పిస్తోలుతో అచ్చియ్యమ్మను చూపింది. "లోపలికెళ్లి ఈవిడ పేరు చెప్పారో, రేపు రైల్వే గేటు దగ్గర ఈవిడ. చెప్పకపోతే పిండి బయల్దేరుతుంది."

"ఏటి బాబూ ఇది?" అచ్చియ్యమ్మ ఆకు పొట్లాన్ని కొంగులోకి లాక్కుంది.

"రెండు వైపులా ఉన్నవాళ్లు ఎవర్నీ కాల్చలేరు," అన్నాడు కామేశం. లక్ష్మీసుందరి పక్కనుంచే వరండాలోకి నడిచాడు. వీపంతా గుండు కోసం ఎదురుచూసింది. పది అడుగులు. ఇరవై. రాలేదు.

డైరెక్టరు గణపతిరావు గదిలో క్రాఫర్డ్ అప్పటికే సంతకం చేసి పెన్ను క్యాప్ బిగిస్తున్నాడు. గణపతిరావు పాళీ కాగితానికి ఆనింది.

"ఆగండి బాబూ!" అన్నాడు కామేశం గుమ్మంలోంచే. "ఆరో పంజరానికి నాను తినిపించేను. ఉండ్రాళ్లు. ఇరవయ్యొక్క రోజులు."

పాళీ ఆగింది. క్రాఫర్డ్ ఇంగ్లీషులో నవ్వాడు. "పంజరాలు కడిగేవాడి మాటకి టెస్టు రద్దు చేస్తారా? సాయంత్రానికి వీడే కాదంటాడు."

గణపతిరావు తటపటాయించాడు. అతను చెప్పింది ఓ కాగితం మీద రెండు ముక్కల్లో గీకి, దాంతోపాటు సిరా దిండు ముందుకు తోశాడు. "నిజమైతే వేలిముద్ర వెయ్యి."

పరదేశి వేలిముద్ర ఈ గది దాటదు. ప్రభుత్వ ఉద్యోగి సంతకమైతే దాటుతుంది. కాని ఆ పేరు రాత్రికల్లా ముఠాకు చేరుతుంది. అప్పుడు రైల్వే గేటు దగ్గర వెతకాల్సింది అచ్చియ్యమ్మను కాదు. పదకొండేళ్లుగా అతను తన పేరు ఎక్కడా రాయలేదు. రాస్తే అక్షరాలు గుర్తొస్తాయా అని ఒక్క క్షణం భయమేసింది.

దిండు పక్కకి జరిపి, గణపతిరావు చేతిలోంచి కలం తీసుకుని, పేరు, హోదా, శాఖ గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. క్రాఫర్డ్ నవ్వు ఆగిపోయింది.

"నీకు చదువొచ్చా?" అన్నాడు గణపతిరావు, నోరు తెరిచి.

"ఇప్పుడే వచ్చింది బాబూ," అని కామేశం కింద తేదీ కూడా వేశాడు.